అవ్వ మిద్దెకెక్కించిన చౌడు

ఇంజినీరింగు చదివే పిల్లోళ్లు ఎవరన్నా నా దగ్గరికొస్తే ముందు అడిగేది ఒకటే మాట. "సార్, ఈ లైట్ స్టీలు ఫ్రేము పనిలో మీకు ఎదురైన పెద్ద సమస్య ఏంది?" అని. నేను భూకంపమో తుఫానో చెప్తానని ఆశగా చూస్తారు. నాకు ఎదురైన పెద్ద సమస్య ఒక అవ్వ. గాలి గట్టిగా వీస్తే మనిషి పడిపోతాదేమో అనిపిస్తాది గానీ, ఆమె నోటి ముందర నిలబడాలంటే మాత్రం గాలికి కూడా భయమే.

మీరు పుస్తకాల్లో చదువుకుంటారు, నేను చేతులతో చేసినాను కాబట్టి పని గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతా. ఇటుక వద్దు, రాయి వద్దు. జింకు పూత పూసిన సన్నటి ఉక్కు రేకును మడిచి పట్టీలు చేస్తారు. ఆ పట్టీలను నిలువుగా, అడ్డంగా స్క్రూలతో బిగిస్తే ఇంటికి ఎముకల గూడు తయారు. రెండు పక్కలా సిమెంటు బోర్డు కొడితే గోడ. ఒక లారీలో ఇల్లంతా వచ్చేస్తాది.

దీన్ని హైదరాబాదులో అమ్మొచ్చు, బెంగుళూరులో అమ్మొచ్చు. కర్నూలు, కడప జిల్లాల్లో అమ్మి చూడండి, తెలుస్తాది. ఈడ మనిషి పుట్టినప్పటి నుంచి రాయే చూసింటాడు. కింద పరిచేది నాపరాయి, పైన కప్పేది నాపరాయి, చేనికి కంచె నాపరాయి, గొడ్లు నీళ్లు తాగే తొట్టి నాపరాయి. అట్లాంటోడు మా గోడ దగ్గరికొచ్చి వేళ్లు మడిచి కొడతాడు. టక్కుమంటాది. వెంటనే మొగం మాడ్చుకొని, "లోపల ఏమీ లేదేమప్పా?" అంటాడు. ఏముండాల లోపల? వాళ్ల తాత దాచిపెట్టిన నిధి ఉండాల్నా?

మా ఓనరు మాత్రం ఈ యాపారానికి తగిన మనిషే. తాతకు భూములు, నాయనకు రాజకీయాలు, ఈయనకు నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీ. రాళ్లు అమ్మినన్ని దినాలు, ఇంటికి బరువే బలమని ఊరూరా చెప్పినాడు. కర్నూల్లో స్టీలు ఫ్రేముల కంపెనీ పెట్టినాక, ఇంటికి బరువే శత్రువని చెప్పినాడు. నోరు అదే, తెల్లచొక్కా అదే. నేను ఆయన దగ్గర సైటు సూపర్‌వైజర్ని. జీతం ఇచ్చేవాడు ఏది చెప్తే అది నిజమని నమ్మే వయసు దాటిపోయింది గానీ, నమ్మినట్టు తల ఊపే వయసు మాత్రం రిటైరయ్యే దాకా దాటలేదు.

గండికోటకు పోయే దారిలో ఒక నేతగాళ్ల ఊరు ఉండాది. ఆడ నేను చెప్పిన అవ్వది పాత మిద్దె. ఒక ముసురు పట్టినప్పుడు దూలం విరిగి మిద్దె ఒక పక్క కూలిపోయింది. ఆమె కొడుకు అంతకు ముందే నీళ్లు తాగడానికి మగ్గం గుంతలో నుంచి లేచినాడంట. లేచి కడవ దగ్గరికి పోయేలోపల వెనక మిద్దె దిగబడింది. మనిషి బతికినాడు, మగ్గం పోయింది. ఆ మగ్గం మీదనే అవ్వా, కొడుకూ, కోడలూ బతికేది.

మా ఓనరు ఈ కథ విని, "ఆ యమ్మకు మనమే మాదిరి ఇల్లు కట్టిద్దాం. తక్కువలో ఇద్దాం. కడప సైడు ఇల్లు కట్టించుకునే పార్టీలను తోలకపోయి చూపిచ్చుకుందాం" అన్నాడు. జాలినీ, వ్యాపారాన్నీ ఒకే చెప్పులో పెట్టి నడిచే మనిషి ఆయన. పని నాకు అప్పజెప్పినాడు. నాతోపాటు మేస్త్రి. కర్నూలు పాతబస్తీ మనిషి, అందరం భాయి అనేవాళ్లం. తక్కువ మాట్లాడతాడు, స్క్రూ గన్ను ఎక్కువ మాట్లాడిస్తాడు.

డిజైను చేసే ఇంజినీరు గోదావరి వైపు పిల్లోడు, హైదరాబాదులో కూచొని ఫోన్లోనే పనిచేస్తాడు. పైన వాలు కప్పు గీసి పంపినాడు. అవ్వ ఆ కాగితం చూసి, "ఇదేంది, గొడ్ల సావిడా?" అన్నది. "నాకు పైన సదునుగా ఉండాల. మిరపకాయలు ఎండబెట్టుకోవాల. ఎండాకాలం పండుకోవాల. ఇల్లంటే మిద్దె ఉండాల."

సరే, సదును కప్పే గీసి పంపినాడు. కొత్త మగ్గం అచ్చులు వేలాడదీసుకోవడానికి కప్పు దూలాలకు కొక్కేలు కూడా పెట్టించినాను. పడుగంటే నిలువు దారాలు, వాటిని పైకెత్తి కిందికి దించే చట్రాలే ఈ అచ్చులు. అవి పైనుంచి తాళ్లతో వేలాడాల, లేకుంటే నేత లేదు. ఇల్లు అప్పజెప్పే ముందర అవ్వను నిలబెట్టి స్పష్టంగా చెప్పినాను.

"అవ్వా, పైకి మనుషులు ఎక్కొచ్చు."

"ఊ."

"మిరపకాయలు ఆరబోసుకోవచ్చు. పండుకోవచ్చు."

"ఊ."

"మట్టి మాత్రం ఎయ్యగూడదు. చౌడు ఎయ్యనే ఎయ్యగూడదు."

"ఊ."

చౌడంటే తెల్లగా ఉప్పుదేలిన మన్ను. మా సీమలో మిద్దెల మీద వానలకు ముందు ఏటేటా కొత్త చౌడు పోసి సదును చేస్తారు. నీళ్లు దిగనీదు, ఎండ దిగనీదు. చౌడు ఎయ్యని మిద్దె ఉన్నోళ్లను, తల దువ్వుకోకుండా పెండ్లికి వచ్చినోళ్లను చూసినట్టు చూస్తారు. అందుకే రెండుసార్లు చెప్పినాను.

ఆఖరి స్క్రూ ఇంటామెతో బిగిచ్చడం మా భాయి అలవాటు. గన్ను అవ్వ చేతిలో పెట్టినాడు. అది గుర్రుమనేసరికి ఆమె, "థూ, నీ నోరు పడిపోను!" అని దాన్ని తిట్టి, మళ్లా నొక్కి బిగిచ్చింది. తర్వాత ఆ స్క్రూను వేలితో తడిమి, "ఈ చీలలేనా నా కొడుకు నెత్తిన కప్పును మోసేది?" అని అడిగింది. "ఇవే అవ్వా" అన్నాడు భాయి. ఆమె చానాసేపు దాన్నే చూసింది.

ఎండాకాలం వచ్చింది, ఫోనూ వచ్చింది.

"ఏమప్పా, ఇల్లు కట్టించినావా, పెనం కట్టించినావా? లోపల కూచుంటే మాడిపోతాండాము. పడుగు పుటుక్కు పుటుక్కుమని తెగుతాండాది."

నిజమే. నూలు దారానికి చల్లదనం కావాల, కొంచెం తేమ కావాల. ఎండిపోతే తెగిపోతాది. కప్పు కింద వేడి ఆపే దూది పరుపు ఎయ్యాల్సిన మందంలో మా ఓనరు పొదుపు చేసినాడు. ఆయనకు చెప్పినాను. "ఫ్యాను పెట్టుకోమను" అన్నాడు. ఫ్యాను గాలికి దారం ఇంకా ఎండుతాదని చెప్పినాను. ఇంజినీరుకు చెప్పినాను. "ఏసీ పెట్టించుకోమనండి" అన్నాడు. ఈ మాట అవ్వకు చెప్పలేదు. నాకూ పెండ్లాం పిల్లలు ఉండారు.

ఆ తర్వాత మమ్మల్ని మహానందికి పంపినారు, యాత్రికుల గదుల పని. ఆడ ఉన్నప్పుడు అవ్వ కొడుకు ఫోన్ చేసినాడు. వానిది మెత్తని మాట.

"అన్నా, అచ్చులకు కట్టే తాళ్లు యాడ బాగుంటాయి?"

"నన్నడుగుతావేందిరా? నేను నేత నేసేవాడినా?"

"కాదన్నా, తాళ్లు సాగిపోతాండాయి. పొద్దున బిగిస్తే సాయంత్రానికి అచ్చు కిందికి దిగుతాది. రెండుసార్లు తాళ్లు మార్చినా. అంగడాయన్ని తిట్టి కూడా వస్తి."

నేను నవ్వి ఫోన్ పెట్టబోతాంటే, "ఇంగోటన్నా, బాత్రూము తలుపు పడటంలే" అన్నాడు.

నా నవ్వు ఆడికే ఆగిపోయింది. పిల్లోళ్లారా, ఇది మాత్రం రాసుకోండి. ఇటుక ఇంట్లో తలుపు పట్టేస్తే కట్టె ఉబ్బిందని అనుకోవచ్చు. మా ఫ్రేము ఇంట్లో తలుపు ఇనుపది, గడప ఇనుపది. అది ఉబ్బదు. పైనుంచి ఏదో నొక్కితేనే పట్టేస్తాది. భాయిని జీపెక్కమన్నాను. ఎందుకని అడగకుండా ఎక్కినాడు.

మధ్యాహ్నానికి ఆ ఊరు చేరినాము. ఇంటి ముందర ట్రాక్టరు. ట్రాలీలో తెల్లగా చౌడు. వారం నుంచి దినానికింత ఎక్కిస్తాండారంట, ఇది ఆఖరి ట్రాలీ. సగం వీధి ఆడనే ఉండాది. ఆడోళ్లు గంపలు నెత్తిన పెట్టుకొని నిచ్చెన ఎక్కుతాండారు. పైన నలుగురు సుత్తెకట్టెలతో తట్టి తట్టి సదును చేస్తాండారు. ఎవరో అరిటాకులో బొరుగుల ఉగ్గాని పంచుతాండారు. చౌడు ఎయ్యడమంటే ఆ వీధికి పండగ. నేను మాత్రం జీపు ఆగకముందే దూకినాను.

"అవ్వా! ఏం పని ఇది?"

"వచ్చినావా? రా, ఉగ్గాని తిను."

"చౌడు వద్దని చెప్తి గదా!"

"చెప్తివి."

"ఊ అంటివి గదా!"

"ఇన్యా కాబట్టి ఊ అంటి. ఎయ్యనని అన్యానా?"

చుట్టూ ఉన్నోళ్లు నవ్వినారు. నేను బరువు గురించి చెప్పినాను. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. "మనుషులు ఎక్కొచ్చు అంటివా, లేదా?"

"అంటి."

"మనుషులు ఎక్కి ఎగురుతారు, దూకుతారు, కొట్లాడుకుంటారు. చౌడు గమ్మున కూచుంటాది. ఎగిరేటోళ్లను మోసే మిద్దె కూచునేదాన్ని మొయ్యదా?"

వీధంతా "అవున్నే" అనింది. నా సర్వీసులో ఇంత చక్కగా తప్పు మాట్లాడినోళ్లను నేను చూడలేదు. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టి ఇంజినీరుకు ఫోన్ కలిపినాను.

"చౌడంటే ఏంటండీ?" అన్నాడు.

"మన్ను. జానెడు మందం పోసినారు."

"ఇంటి మీద మన్నెందుకండీ? వాటర్‌ప్రూఫింగ్ చేశాం కదండీ?"

"ఎందుకనేది నేను ఇంటికొచ్చి తీరిగ్గా చెప్తా. మోస్తాదా, మోయదా?"

అవతల కంప్యూటరు మీటలు టకటకమన్నాయి. తర్వాత వాని గొంతు మారిపోయింది. "లోపల ఎవరూ ఉండకూడదండీ. వాన పడి మన్ను తడిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. అది పడిపోతుందండీ. దయచేసి అందర్నీ బయటికి తీసుకురండి."

నేను తలెత్తి చూసినాను. పెన్నకు అవతల, గండికోట పైన, నల్లగా మబ్బు. ఇన్నాళ్లూ వాన కోసం మొక్కుకున్న నా బతుకులో మబ్బును చూసి భయపడింది ఆ ఒక్క దినమే.

లోపల అవ్వ కొడుకు మగ్గం గుంతలో కూచొని నేస్తాండాడు. పెండ్లి చీర, ఇంగ మూర మిగిలింది. నేత ముగియని చీరను మగ్గం మీద నుంచి తీస్తే పడుగంతా పాడైపోతాది. "ఇంగ కొంచెమే అన్నా, అయిపోతాది" అంటాడే గానీ లేవడు. ఆ కప్పు కిందనే వాని తల.

నాకు కోపం నెత్తికెక్కింది. నిచ్చెన ఎక్కి చౌడును కాళ్లతో కిందికి తన్నడం మొదలుపెట్టినాను. అవ్వ కిందనుంచి, "నీ కాళ్లిరగ! నీ చేతులు పడిపోను! మంచి చౌడప్పా అది, యాణ్ణుంచి తోలిచ్చినానో తెలుసునా!" అని వాయించింది. పైనున్న నలుగురు నా రెక్కలు పట్టుకొని ఆపినారు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఓనరు. "పార్టీలను తోలకొస్తాండా. ఇల్లు నీటుగా ఉండాదా?" అన్నాడు. ఇల్లు ఉంటే గదా నీటుగా ఉండేదానికి!

ఉరిమింది.

దానెనకే లోపల నుంచి కొడుకు గొంతు. "అమ్మా! అచ్చు మళ్లా దిగిపాయె!"

అందరం లోపలికి పరిగెత్తినాము. వాడు అడ్డదారం తోసే నాడెను చేత్తో పట్టుకొని పైకి తాళ్ల దిక్కు చూస్తాండాడు. "ఇంతకుముందే బిగిస్తి మా. మళ్లా దిగింది. పడుగు లేయడంలా. నాడె పోయి దారాలకు కొట్టుకుంటాండాది. చూడు, చీరంతా ఎట్ల చెడిపాయెనో."

అవ్వ వంగి చూసింది. ఎర్ర చీర మీద అడ్డంగా బెత్తెడు పట్టీ, దారాలు తెగి, పువ్వులు గతి తప్పి, ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి. నేను మెల్లగా చెప్పినాను. "నీ తాళ్లు బాగనే ఉండాయి నాయనా. తాళ్లు కట్టిన దూలమే కిందికి దిగుతాండాది."

అవ్వ ఆ పట్టీ మీద చెయ్యి పెట్టింది. తర్వాత తాళ్లను చూసింది. కప్పును చూసింది. గుంతలో నడుము లోతున కూచున్న కొడుకును చూసింది. నేను చెప్తే నమ్మలేదు, ఇంజినీరు చెప్తే నమ్మలేదు. మగ్గం చెప్తే నమ్మింది. ఆమె జీవితమంతా మగ్గం ఒక్కసారి కూడా ఆమెకు అబద్ధం చెప్పలేదు గదా.

"బయటికి రా" అనింది.

"ఒగ మూర ఉండాది మా."

"నీ చీర మన్నుగాను! బయటికి రారా!" అని అరిచింది. గొంతు చీలిపోయింది. "ఒగసారి నీళ్లకు లేస్తివి, దక్కితివి. మళ్లా దప్పికైతాదో కాదో నాకేం తెలుసురా, నా తండ్రీ!"

వాడు నాడె పక్కన పెట్టి లేచినాడు. కోడలు వాని చెయ్యి పట్టుకొని వీధిలోకి లాగింది. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

తిరిగి చూస్తే అవ్వ నిచ్చెన మీద సగం దూరం ఎక్కిండాది. చేతిలో చేట. పైకి పోయి చేటతో చౌడు ఎత్తి కింద పారబోయడం మొదలుపెట్టింది. ఆమెను చూసి వీధంతా నిచ్చెన మీద పడినారు. నేను గొంతు చించుకున్నాను. "అందరూ ఎక్కొద్దు! నలుగురే ఉండండి! మిగతావాళ్లు దిగండి!"

"మనుషులు ఎక్కొచ్చు అంటివే!" అని పైనుంచి ఎవరో అరిచినారు. అంత ఆపదలో కూడా మా సీమోళ్లు ఎదుటోణ్ణి ఎత్తిపొడిచే అవకాశం వదులుకోరు.

అంతలో భాయి ఎవరికీ చెప్పకుండా ట్రాక్టరు జాకీ, రెండు దుంగలు ఎత్తుకొని లోపలికి పోయినాడు. వద్దని నేను అనేలోపలే ఆ దిగిన దూలం కింద దుంగ పెట్టి జాకీ ఎక్కిచ్చినాడు. ఏదో కిర్రుమనింది. బయటికి వచ్చి, చేతులు దులుపుకొని, "యా అల్లా" అన్నాడు. ఆ దినం ఆయన మాట్లాడిన మాట అదొకటే.

పెద్ద పెద్ద చినుకులు మొదలైనాయి. పారలు, చేటలు, అన్నం తట్టలు, ఏది చేతికి దొరికితే దానితో చౌడు తోసినారు. కింద వీధిలో మన్ను కుప్ప పడింది. వాన దంచి కొట్టేసరికి మిద్దె మీద పలచటి పొర తప్ప ఏం మిగల్లేదు, అదీ నీళ్లతోపాటు కొట్టుకపోయింది. కప్పు నిలబడింది. దూలం కొంచెం వంగింది, అంతే.

సరిగ్గా అప్పుడు ఓనరు కారు వచ్చి ఆ బురద కుప్పలో దిగబడింది. తెల్లచొక్కా దిగింది. ఎనక పార్టీలు. అందరం నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లమన్ను పూసుకొని ఉండాము. పార్టీల్లో ఒకాయన గోడ దగ్గరికి పోయి, అలవాటుగా వేళ్లు మడిచి టక్కుమని కొట్టి, "ఇది ఎంత బరువు మోస్తాదప్పా?" అని అడిగినాడు.

నిచ్చెన దిగుతాండిన అవ్వ జవాబు చెప్పింది. "జానెడు చౌడు, దాని మీద సగం ఊరు. నా బుద్ధితక్కువ కూడా మోసింది. ఇంగేం మొయ్యాలంటావు?"

ఆ పార్టీ మా దగ్గరే ఇల్లు కట్టించుకున్నాడు. ఓనరు దాన్ని తన తెలివి కిందే చెప్పుకున్నాడు.

వేడి సంగతి మాత్రం తీరలేదు గదా. వంగిన దూలం మార్చినాక, మిగిలిన పట్టీలతో భాయీ, అవ్వ కొడుకూ కలిసి మిద్దె మీద ఒక ఎత్తు పందిరి నిలబెట్టి, దాని మీద బోదగడ్డి పరిచినారు. మధ్యలో గాలి ఆడతాది. లోపల చల్లబడింది, దారం తెగడం తగ్గింది. బరువు ఏమీ లేదు. ఓనరు దానికి డబుల్ కూల్ రూఫ్ సిస్టం అని పేరు పెట్టి రంగుల పుస్తకంలో అచ్చేయించినాడు. బోద మాత్రం ఫొటోలో కనపడకుండా కత్తిరించినాడు.

అప్పటినుంచి ఏటా వానలకు ముందు అవ్వ నుంచి ఫోను వచ్చేది.

"ఏమప్పా, ఈ ఏడు రోంత చౌడు ఎయ్యొచ్చునా?"

"వద్దవ్వా."

"పిరికెడు?"

"పిరికెడు కూడా వద్దు."

"సరే, ఊరికే అడిగినాలే" అని పెట్టేసేది. రిటైరైనాక కూడా ఆ ఫోను ఆగలేదు. నిజం చెప్పాలంటే, రిటైరైన నాకు పనిమాట కోసం వచ్చేది ఆ ఒక్క ఫోనే. ఈ ఏడు అది రాలేదు. మబ్బులు పట్టినాయి, వానలు దగ్గరపడినాయి, ఫోను లేదు. నాకు రెండు రకాల భయం. అవ్వకు ఏమన్నా అయిందేమో, లేకుంటే అడగకుండానే చౌడు తోలిచ్చిందేమో. తట్టుకోలేక బస్సెక్కినాను.

వీధి తిరగంగానే ట్రాక్టరు, ట్రాలీ నిండా తెల్లటి చౌడు. దగ్గరికి పోయి చూస్తే అది అవ్వ ఇల్లు కాదు. పక్కింటోళ్లు కొత్తగా కట్టించుకున్న ఇల్లు, మా ఫ్రేముదే. ట్రాక్టరుకు అడ్డంగా మా అవ్వ నిలబడిండాది. భుజం మీద, ఆ దినం మగ్గం మీద చెడిపోయిన ఎర్ర చీర, మడతపెట్టి. దాన్ని విప్పి పక్కింటామె మొగం ముందర పెట్టింది.

"చూడు. ఈడ చూడు. పువ్వులు ఎట్ల ఎక్కినాయో చూస్తివా? ఇది మిద్దె దిగిన జాగా. దీని కిందనే నా కొడుకు కూచోనుండె. నువ్వూ నీ పిల్లోళ్లూ ఈ మిద్దె కిందనే గదా పండుకునేది?"

నేను ముందుకు పోయి గొంతు సవరించుకున్నాను. "అమ్మా, లెక్క ప్రకారం ఈ కప్పు మోసే బరువు..."

"నువ్వు గమ్మునుండప్పా" అనింది అవ్వ నా దిక్కు తిరగకుండానే. "నీ లెక్క నాకే ఎక్కలే, ఈయమ్మకు ఎక్కుతాదా?" తర్వాత పక్కింటామెను, "చౌడు ఎయ్యగూడదు. తెలిసెనా?" అని అడిగింది.

పక్కింటామె చీర దిక్కు చూసి, మబ్బు దిక్కు చూసి, "ఊ" అనింది.

అవ్వ నా మొగం చూసింది, నేను అవ్వ మొగం చూసినాను. ఆమె పోయి ట్రాక్టరు తాళంచెవి పీకి, కొంగున గట్టిగా ముడేసుకొని, ఇంటికి నడిచింది.